ఉక్కు పెట్టెకు కళ్లెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకుల మీద వచ్చిన వ్యాసంలో పట్టిక బాగుంది. కవచం మందమెంత, ఫిరంగి ఎన్ని మిల్లీమీటర్లు, బరువెన్ని టన్నులు, ఇంజను ఎన్ని గుర్రాలు, అన్నీ ఉన్నాయి. లోపల కూర్చున్నవాళ్లకు బయటేం కనిపించేదన్న సంగతి మాత్రం ‘పెరిస్కోప్‌ల సాయంతో చూసేవారు’ అనే ఒక్క వాక్యంతో తేల్చేశారు. అసలు పేచీ అక్కడే ఉంది. మూతలన్నీ బిగించుకున్న ట్యాంకు చేలో పడ్డ గుడ్డెద్దు. దాని పక్కకవచం ముందుకవచంలో సగం కూడా ఉండదు చాలాసార్లు. పొదలో పొంచి ఉన్న ఫిరంగిని చూడక దానికి పక్క చూపించిందంటే, పట్టికలోని ముందుకవచం అంకె దండగే.

మొదటి రోజుల్లో చూపుకు ఉన్నది ఉక్కు పలకలో కోసిన సందు మాత్రమే. దాని లెక్క తేలిక. సందు ఎత్తు 1 సెం.మీ., పొడవు 12 సెం.మీ. అనుకోండి. కన్ను దానికి 10 సెం.మీ. దూరంలో ఉంటే, 100 మీటర్ల అవతల 10 మీటర్ల ఎత్తు, 120 మీటర్ల వెడల్పు మేర కనిపిస్తుంది. ఫరవాలేదు. అదే కన్ను 30 సెం.మీ. దూరానికి జరిగితే, అదే 100 మీటర్ల దగ్గర దక్కేది 3.3 మీటర్ల ఎత్తు, 40 మీటర్ల వెడల్పు. బండి గతుకుల్లో ఎగిరిపడుతుంటే ముఖాన్ని ఉక్కుకు 10 సెం.మీ. దగ్గర పెట్టి ఎవరు కూర్చోగలరు? కూర్చుంటే నుదురు చిట్లుతుంది, జరిగితే లోకం కుంచించుకుపోతుంది. పైగా ఈ కొలత కొలవాల్సింది పలక బయటి అంచు నుంచి. కవచం మందం పెరిగేకొద్దీ సందు బావిలా లోతవుతుంది, చూపు అంతకంత తరుగుతుంది. కవచం మందం చేసి, సందు మాత్రం పాతదే ఉంచితే బండి గట్టిపడినంత మేరా గుడ్డిదవుతుంది.

సందులోంచి నేరుగా తూటా దూరడం అరుదు. అసలు బెడద చిందులది. సీసపు తూటా ఉక్కుకు తగిలి నుజ్జయితే వేడి తుంపరలు పలక మీద పాకినట్టు నలువైపులా పోతాయి, అంచు దొరికినచోట లోపలికి చిమ్ముతాయి. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో ఫ్లేర్ దగ్గర బ్రిటిష్ ట్యాంకులు మొట్టమొదటిసారి యుద్ధంలోకి దిగాక త్వరలోనే ఈ సంగతి బోధపడింది. అందుకే ఆ సిబ్బందికి తోలుతో కుట్టిన ముఖకవచాలు ఇచ్చారు: కళ్ల దగ్గర సన్నటి గాట్లున్న రేకు, నోటి కింద వేలాడే ఇనుప గొలుసుల జాలరు. ట్యాంకు సందులోంచి వచ్చే కొద్దిపాటి చూపును ముసుగు గాట్లలోంచి మళ్లీ వడగట్టుకోవాలన్నమాట.

ఫ్రెంచివాళ్లు ఒక చిత్రమైన ఉపాయం చేశారు. తమ 2సీ అనే భారీ ట్యాంకు మీద, నిండా నిలువు గాట్లు కోసిన డ్రమ్మును గిర్రున తిప్పే ఏర్పాటు పెట్టారు. తిరిగే ఫ్యాను రెక్కల వెనక గోడ మొత్తం కనిపించినట్టే, వేగంగా తిరిగే గాట్లలోంచి బయటి దృశ్యం అతుకుల్లేకుండా కనిపిస్తుంది. ఆలోచన ముచ్చటైనదే. కానీ తిప్పడానికో మోటారు, అది ఆగితే మళ్లీ గుడ్డితనం. తర్వాతివాళ్లు ఆ దారి పట్టలేదు.

సందు వెనక మందపాటి గాజు దిమ్మ పెట్టడం తర్వాతి మెట్టు. పొరలు పొరలుగా అతికించిన గాజు దెబ్బకు పగిలినా ముక్కలై ముఖాన పడదు. పగిలిన చోట సాలెగూడులా తెల్లబారిపోతుంది. ప్రాణం దక్కుతుంది, చూపు దక్కదు. అందుకని దిమ్మను లోపలి నుంచే ఊడదీసి కొత్తది పెట్టుకునేలా బిగించేవారు, విడి దిమ్మలు బండిలోనే ఉండేవి. జర్మన్ మూడో, నాలుగో నంబరు పాంజర్ ట్యాంకుల కమాండర్ గుమ్మటానికి ఇలాంటి ఐదు సందులుండేవి. ఆ గుమ్మటాన్నే కుపోలా అంటారు. ఎదుటివాళ్లూ ఊరుకోలేదు. సోవియట్ సేన 14.5 మి.మీ. తూటాల పొడవాటి ట్యాంకు వ్యతిరేక రైఫిళ్లవాళ్లకు పలుచని పక్కలతోపాటు ఈ సందుల్ని కూడా గురిగా చూపించింది. కవచం చీలకపోయినా కమాండర్‌కు గుడ్డితనం తెప్పిస్తే సగం పని అయినట్టే.

ఇక పెరిస్కోప్. దీని గొప్పంతా ఒక్కటే: కన్ను ఉన్నచోట రంధ్రం ఉండదు. కన్ను కవచం వెనక కింద ఉంటుంది, పైకప్పు మీద నిలబడేది గాజు తల మాత్రమే. తూటా దాన్ని ఎగరగొడితే పోయేది తలే. గొట్టాన్ని లోపలికి లాగి, పగిలిన తల తీసేసి, ఇంకొకటి తగిలించి మళ్లీ పైకి నెట్టవచ్చు. అమెరికన్ షెర్మన్ ట్యాంకులో ఈ విడి తలలు పెట్టెలో సర్ది ఉండేవి.

పెరిస్కోప్‌లో అద్దాలు వాడాలా, గాజు పట్టకాలు వాడాలా అన్నది చిన్న విషయంగా తోస్తుంది గానీ కాదు. ఒక్కో అద్దం వెలుతురులో మూడో వంతు మింగేస్తే, రెండు అద్దాలు దాటి కంటికి చేరేది సగానికన్నా తక్కువ. సందెవేళ ఆ తేడా ప్రాణాంతకం. సోవియట్ల తొలి టీ-34 ట్యాంకుల్లో పరిశీలనకు పెట్టినవి మెరుగు పెట్టిన ఉక్కు అద్దాలు. అవి పగలవు, నిజమే. కానీ మసకబారతాయి, బొమ్మను వంకర చేస్తాయి. గాజు పట్టకంలో 45 డిగ్రీల కోణంలో తగిలిన వెలుతురు మొత్తం వెనక్కి తిరుగుతుంది. మామూలు గాజుకు ఆ హద్దు దాదాపు 42 డిగ్రీలే కాబట్టి కళాయి పూత అక్కర్లేదు, పూత ఊడిపోయే బాధా లేదు. ఇంకో లాభం చాలామంది పట్టించుకోరు. దారి పొడవునా గాజే నిండి ఉంటే, 20 సెం.మీ. గొట్టం కంటికి 13 సెం.మీ. గొట్టంలా పనిచేస్తుంది. పైన చెప్పిన బావి లోతు తగ్గినట్టు. అంతే కైవారంలో చూపు విశాలమవుతుంది. బరువు పెరగడం దానికి చెల్లించే సుంకం.

పోలండ్ ఇంజనీరు రుడాల్ఫ్ గుండ్లాఖ్ 1936లో పేటెంట్ తీసుకున్న తిరుగుడు పెరిస్కోప్ ఈ కథలో మలుపు. అంతకు ముందు వెనక్కి చూడాలంటే పెరిస్కోప్‌తోపాటు మనిషి కూడా తిరగాలి. ఫిరంగితో తిరిగే పై గది, అంటే టరెట్, ఇరుకు; అందులో ఫిరంగి వెనుకభాగం ఒకవైపు, గుండ్ల అర ఇంకోవైపు ఉండగా ఆ ప్రదక్షిణ కుదరదు. గుండ్లాఖ్ అదనపు పట్టకాన్ని చేర్చి, కూర్చున్నవాడు తల తిప్పకుండానే వెనక దృశ్యం చూసేలా చేశాడు. పోలిష్ 7టీపీ ట్యాంకుల్లో, టీకేఎస్ చిన్న బండ్లలో దాన్ని పెట్టారు. హక్కులు బ్రిటన్‌లోని వికర్స్ కంపెనీకి వెళ్లాయి. అక్కడ మార్క్ 4 అన్న పేరుతో క్రూసేడర్, వాలెంటైన్, చర్చిల్ ట్యాంకుల మీదికెక్కింది. అరువు-లీజు సాయంగా వచ్చిన బ్రిటిష్ ట్యాంకుల్లో దాన్ని చూసి సోవియట్లు ఎంకే-4 అని తాము చేసుకున్నారు, అమెరికన్లు ఎం6 అన్నారు. ఒక పోలిష్ మేధ ఇన్ని సేనలకు కళ్లిచ్చిందని మీ వ్యాసంలో ఒక ముక్కైనా పడాల్సింది.

కనిపించడమంటే మూడు వేర్వేరు పనులని ఇక్కడ గుర్తుంచుకోవాలి. శత్రువును వెతకడం, దొరికినవాణ్ణి గన్నర్‌కు, అంటే ఫిరంగి కాల్చేవాడికి చూపించడం, గన్నర్ గురి పెట్టడం. మంచి గురి దుర్భిణి ఉంటే మొదటి రెండూ వాటంతటవే జరుగుతాయనుకోవడం వ్యాసకర్త ఒక్కరు చేసిన పొరపాటు కాదు, కొందరు ట్యాంకు రూపకర్తలు కూడా చేసినదే.

వెతకడానికి ముందు కావలసింది గాజు కాదు, ఖాళీగా ఉన్న మనిషి. 1940 నాటి ఫ్రెంచి సోమ్వా, బీ1 బిస్ ట్యాంకుల టరెట్‌లో ఒక్కడే. అతనే కమాండర్, అతనే గుండు ఎక్కించాలి, అతనే గురి చూడాలి. ఫిరంగి కాలుస్తున్నంతసేపూ చుట్టూ చూసే దిక్కు లేదు. పైగా నెత్తిన తెరుచుకునే మూత లేదు. తల బయటపెట్టాలంటే టరెట్ వెనక తలుపు దించి దాని మీద కూర్చోవాలి, అంటే ఫిరంగిని వదిలేయాలి. జర్మన్ మూడో నంబరు పాంజర్ కవచంలో వీటికి తీసికట్టే అయినా, టరెట్‌లో ముగ్గురుండేవారు. కమాండర్ పని చూడడం, చెప్పడం మాత్రమే.

టీ-34ది మరీ విచిత్రం. 1942లో అమెరికన్లు అబర్డీన్ పరీక్షా స్థలంలో దాన్ని విప్పి చూసి గురి దుర్భిణిని ఎంతగానో మెచ్చుకున్నారు. కానీ ఆ దుర్భిణికి కన్ను ఆనించి కూర్చున్నది కమాండరే, ఎందుకంటే టరెట్‌లో ఉన్నది ఇద్దరే. తొలి నమూనాల్లో టరెట్ పైకప్పంతా ఒకే పెద్ద మూత, అదీ ముందుకు తెరుచుకునేది. తెరిస్తే ఎదురుగా ఉక్కు గోడ లేచినట్టు. 1943 మధ్యలో ఐదు సందుల కుపోలా అమర్చారు గానీ, కమాండర్ ఇంకా గన్నరే కాబట్టి అందులోంచి చూసే తీరిక అతనికి లేదు. 1944లో ముగ్గురు పట్టే పెద్ద టరెట్‌తో టీ-34-85 వచ్చాకే కుపోలాకు మనిషి దొరికాడు.

కుపోలా ఎత్తుగా ఉంటే బాగా కనిపిస్తుంది, బాగా దెబ్బ తింటుంది. జర్మన్ టైగర్ ట్యాంకు తొలి నమూనాల మీద డ్రమ్ములాంటి కుపోలా, ఐదు సందులు. కమాండర్ కళ్లు సరిగ్గా ఆ గాజుల ఎత్తులోనే, నెత్తి వాటికి పైన. మూత తెరిస్తే నిట్టనిలువుగా లేచి దూరానికి జెండాలా కనిపించేది. 1943 జులై నుంచి ఏడు పెరిస్కోప్‌ల పొట్టి కుపోలా వచ్చింది. కళ్లు గాజు తలలకన్నా కిందికి దిగాయి. మూత కొద్దిగా లేచి పక్కకు తిరిగేది.

ఇన్ని ఏర్పాట్లున్నా అన్ని సేనల కమాండర్లూ తల బయటపెట్టే తిరిగారు. అది వట్టి తెగువ కాదు. సుమారు రెండున్నర మీటర్ల ఎత్తున ఉన్న పెరిస్కోప్ నుంచి చూపు బండి కప్పు అంచు దాటి కిందికి 10 డిగ్రీలు మాత్రమే వంగగలదనుకుంటే, నేల కనబడడం మొదలయ్యేది 14 మీటర్ల అవతల. ఆ లోపల గుంటలో పడుకున్న సిపాయి లేనట్టే లెక్క. తల బయటపెడితే ఆ గుడ్డి వలయం తగ్గుతుంది, దుమ్ము, పొగ, ఆకుల కదలిక పసిగట్టవచ్చు. మూల్యంగా తలలకు తూటాలు, గుండు పెంకులు తగిలాయి. 1973 యుద్ధంలో కూడా ఇజ్రాయెలీ కమాండర్లు ఈ పద్ధతితోనే ఎక్కువగా దెబ్బతిన్నారు; మూతను గొడుగులా కొంచెం పైకెత్తి కింద సందులోంచి చూసే అమరిక వాళ్లకు తర్వాత వచ్చింది.

చూసినదాన్ని గన్నర్‌కు అప్పగించడం రెండో పని. ట్యాంకు ముందు ముక్కును 12 గంటలుగా పెట్టుకుని ‘రెండు గంటల దిక్కు’ అంటే గన్నర్‌కు అర్థమవ్వాలి. కానీ టరెట్ తిరిగిపోతూ ఉంటే కమాండర్‌కే ముందేదో వెనకేదో మతి తప్పుతుంది. దానికి నాలుగో నంబరు పాంజర్‌లో, టైగర్‌లో కుపోలా లోపల 1 నుంచి 12 దాకా అంకెలున్న పళ్ల చక్రం పెట్టారు. టరెట్ కుడికి ఎంత తిరిగితే చక్రం ఎడమకు అంత తిరుగుతుంది, 12 ఎప్పుడూ బండి ముక్కు మీదే నిలుస్తుంది. గన్నర్ ఎదుట కూడా అవే గంటల డయల్. పళ్లు ఒక్కటి జారితే చాలు, ఇద్దరి గంటలూ వేరవుతాయి. షెర్మన్‌లో ఇంత హంగు లేదు. కమాండర్ ఎదుట టరెట్ కప్పు మీద నిలువు రేకు ఒకటి. దాన్ని లక్ష్యంతో వరసలో పెట్టేదాకా టరెట్ తిప్పించి ‘ఆగు’ అంటే గన్నర్ దుర్భిణిలో లక్ష్యం దాదాపుగా పడుతుంది. నా లెక్కలో ఆ రేకు ముక్క ఆ గడియారం కన్నా మేలు.

జర్మన్ పాంథర్ ట్యాంకు చతికిలబడింది ఈ అప్పగింత దగ్గరే. దాని కుపోలా మంచిది, గురి దుర్భిణి అద్భుతం: తర్వాతి నమూనాలో మీట తిప్పితే రెండున్నర రెట్ల నుంచి ఐదు రెట్లకు మారేది. గన్నర్‌కు మాత్రం ఆ దుర్భిణి తప్ప మరో కన్ను లేదు. రెండున్నర రెట్ల జర్మన్ దుర్భిణుల్లో కనిపించేది దాదాపు 25 డిగ్రీలు. కిలోమీటరు దూరంలో అది 440 మీటర్ల వెడల్పు, పుష్కలం. 50 మీటర్లలో 22 మీటర్లే. మొత్తం చుట్టుకొలతలో పద్నాలుగో వంతు. యుద్ధం తర్వాత పాంథర్లను వాడిన ఫ్రెంచి సైన్యం 1947లో రాసిన నివేదిక ప్రకారం, కమాండర్ లక్ష్యం చూపించాక గన్నర్ కాల్చడానికి 20 నుంచి 30 సెకన్లు పట్టేది. గన్నర్‌కు పెరిస్కోప్ లేకపోవడమే కారణమనీ, షెర్మన్‌తో పోలిస్తే ఇది చాలా ఎక్కువనీ అందులో ఉంది. గట్టిగా ఒక్కసారి ఊపిరి పీల్చి ఇరవై లెక్కపెట్టి చూడండి, అదెంత సేపో తెలుస్తుంది.

షెర్మన్ గన్నర్‌కు పైకప్పులో పెరిస్కోప్ ఉండేది. దాన్ని ఫిరంగితో కడ్డీల ద్వారా కలిపారు. అందులో దేన్నీ పెద్దది చేయకుండా ఉన్నదున్నట్టు చూపించే విశాలమైన గాజు కిటికీ ఒకటి, లోపల చిన్న దుర్భిణి ఒకటి. కిటికీలోంచి వెతికి, దొరికాక దుర్భిణికి కన్ను మార్చుకోవడమే. దీనికీ ఒక తెగులుంది. ఆ కడ్డీల కీళ్లు వదులైతే పెరిస్కోప్ ఒకచోట చూపిస్తుంది, గుండు మరోచోట పడుతుంది. అందుకే తర్వాత ఫిరంగి పక్కనే నేరు దుర్భిణి చేర్చారు. అది వంపులేని గొట్టం. ఫిరంగి లేస్తే కంటిచివర దిగుతుంది, గన్నర్ మెడ దానితోపాటు వంగాలి. జర్మన్ దుర్భిణి మధ్యలో పట్టకాల కీలు పెట్టి కంటిచివర కదలకుండా చేశారు. టీ-34-85 దుర్భిణి కూడా ఈ కీలు పద్ధతిదే: నాలుగు రెట్లు, 16 డిగ్రీలు.

ఏ దుర్భిణి అయినా ఫిరంగితో సరిచూసుకోకపోతే అలంకారమే. పద్ధతి ఇది. ఫిరంగి గొట్టం మూతి అంచు మీద గాట్ల వెంట కొద్దిగా గ్రీజు పూసి రెండు దారాలు అడ్డంగా, నిలువుగా అంటించాలి. వెనక కాల్పు సూది తీసేసి ఆ బెజ్జంలోంచి చూస్తూ, దారాల కూడలి ఒక కిలోమీటరుకు పైగా దూరంలోని స్పష్టమైన మూల మీద, అంటే చిమ్నీ అంచు లాంటిదాని మీద పడేదాకా ఫిరంగి తిప్పాలి. ఇప్పుడు ఫిరంగి ముట్టుకోకుండా, దుర్భిణిలోని గుర్తును మరలతో జరిపి అదే మూల మీదికి తేవాలి. దగ్గరి వస్తువు మీద సరిచూస్తే దుర్భిణికీ గొట్టానికీ మధ్య ఉన్న జానెడు ఎడం దూరం పోయేకొద్దీ తప్పుగా పెరుగుతుంది. మరల బిగింపు మరిచితే నాలుగు గుండ్లకే మళ్లీ మొదటికొస్తుంది.

దూరం అంచనాకు జర్మన్ దుర్భిణిలో మధ్య ఒక పెద్ద త్రికోణం, ఇరుపక్కలా మూడేసి చిన్నవి, వాటి మధ్య ఎడం 4 మిల్లులు (కిలోమీటరు దూరంలో ఒక మీటరు ఆక్రమించే కోణం ఒక మిల్లు). మూడు మీటర్ల వెడల్పున్న ట్యాంకు ఆ 4 మిల్లుల్లో సరిగ్గా ఇమిడితే 3ను 1000తో హెచ్చించి 4తో భాగించాలి: 750 మీటర్లు. ట్యాంకు ఏటవాలుగా నిలబడి ఉంటే వెడల్పు మారి ఈ లెక్క తప్పుతుంది. గన్నర్లు మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి సరిదిద్దుకునేది అందుకే.

ఆ చూడడం కూడా కష్టమే. పెద్ద ఫిరంగి పేలగానే మూతి దగ్గర దుమ్ము లేచి దుర్భిణిని కప్పేస్తుంది. బ్రిటిష్ ఫైర్‌ఫ్లై ట్యాంకు మీది 17 పౌండర్ ఫిరంగికి మెరుపు, దుమ్ము మరీ ఎక్కువ. గుండు ఎక్కడ పడిందో గన్నర్‌కు తెలియదు; కమాండరో, పక్క ట్యాంకో చూసి చెప్పాలి. అమెరికన్ 76 మి.మీ. ఫిరంగికి మూతి బ్రేకు తగిలించడంలో వాయువును పక్కలకు మళ్లించి ముందు దుమ్ము తగ్గించాలన్న ఉద్దేశం కూడా ఉంది.

డ్రైవర్ సంగతి క్లుప్తంగా. తొలి షెర్మన్లలో అతని ఎదుట నేరు సందులుండేవి, తర్వాత వాటిని ఎత్తేసి పెరిస్కోప్‌లకు మారారు. పాంథర్‌లోనూ ముందు పలకలోని మూతగవాక్షాన్ని జీ నమూనాలో తీసేసి తిరిగే పెరిస్కోప్ పెట్టారు. రంధ్రం లేని పలక బలమైనది. టీ-34 డ్రైవర్లు బురద పట్టిన గాజుతో విసిగి ముందు మూతను బెత్తెడు తెరిచి నడిపేవారు.

బురద, మంచు, ఊపిరి ఆవిరి, ఇవి తూటాలకన్నా ఎక్కువ కళ్లు మూశాయి. లోపలికి లాగి తుడుచుకోగలిగే పెరిస్కోప్ ఉన్నవాడు అదృష్టవంతుడు. బిగించేసిన గాజుకు బయటికి దిగాల్సిందే. పదాతి సైనికులు దీన్నే ఆయుధం చేసుకున్నారు. జర్మన్ల గాజు బుడ్డిలో టైటానియం టెట్రాక్లోరైడ్ ఉండేది. ట్యాంకు మీద పగిలితే దట్టమైన పొగ లోపలికి చొరబడి కళ్లు, గొంతు మండించేది. రాత్రికి 1945లో కొద్ది పాంథర్ల మీద పరారుణ దీపం, దాన్ని చూసే దుర్భిణి పెట్టారు గానీ ఆ సంఖ్య యుద్ధాన్ని మార్చేది కాదు.

చివరగా ఒక సవరణ. వ్యాసంతో వేసిన ఫొటో కింద ‘కుర్స్క్ పోరులో పాంథర్, 1943 జులై’ అని ఉంది. కుర్స్క్‌లో దిగినవన్నీ డీ నమూనా పాంథర్లు. వాటి కుపోలా డ్రమ్ములా ఉండి ఆరు సందులుంటాయి, ఫిరంగి మొదట్లోని కవచపు ముసుగులో గురి దుర్భిణికి రెండు రంధ్రాలుంటాయి. మీ ఫొటోలోని బండికి కుపోలా చుట్టూ పెరిస్కోప్ తొడుగులు, ముసుగులో ఒకే రంధ్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది 1943 చివరికి ముందుది కాజాలదు. వచ్చే అనుబంధంలో శీర్షిక దిద్దగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు